తుపాకీ, జింక, చట్టం: సందేహాలు - సమాధానాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేట గురించీ, తుపాకుల గురించీ ఉన్నాయి. ఈ ఊళ్ళ పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడ చలి మొదలవగానే దుప్పుల వేట కాలం వస్తుంది. ఇక్కడ మక్క చేలల్లో అడవిపందులు, దుప్పులు పడి రైతును ఏడిపిస్తున్నాయి. అక్కడ లైసెన్సు తీసుకుని, రుసుము కట్టి చేసే పని ఇక్కడ జైలుకు పంపే నేరం. ఈ తేడా తెలియక కొందరు, తెలిసీ పట్టించుకోక కొందరు చిక్కుల్లో పడుతున్నారు.

అక్కడి ఉత్తరమైనా, ఇక్కడి ఉత్తరమైనా నేను చెప్పదలచుకున్న మూల సూత్రం ఒక్కటే. తుపాకీ ఎత్తినవాడు జంతువును చూస్తే సరిపోదు, దాని వెనక ఉన్నదంతా చూడాలి. గుండు ఎక్కడ ఆగుతుందో తెలియని చోట పేల్చకూడదు.

ప్రశ్న: మా కొడుకు న్యూజెర్సీల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నడు. హెచ్-1బీ వీసా. ఆఫీసు దోస్తులు దుప్పుల వేటకు రమ్మంటున్నరట, తుపాకీ వాళ్ళే ఇస్తరట. "ఇక్కడ అది మామూలే బాపూ" అంటున్నడు. నాకైతే భయంగ ఉన్నది. పొమ్మనాల్నా, వద్దనాల్నా?
– ఒక తండ్రి, కోరుట్ల

జవాబు: కాగితాలు సరిచేసుకునేదాకా వద్దనండి. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మీ అబ్బాయికి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండి, దాని గడువు తీరకుండా ఉండాలి. తుపాకీ దోస్తుదే కదా అనుకోవద్దు. ఒకరి తుపాకీని కాసేపు చేతిలో పట్టుకున్నా అది దగ్గర ఉన్నట్టే లెక్క. నేరం రుజువైతే 15 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. తుపాకీ నేరం మీద శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి కూడా వలస చట్టంలో వీలుంది. ఒక్క రోజు సరదాకు ఇన్నేళ్ళ కష్టాన్ని పణంగా పెట్టడం అవసరమా అని అడగండి.

నిజంగా ఇష్టముంటే దారి ఉంది. న్యూజెర్సీలో మొదటిసారి వేట లైసెన్సు కావాలంటే ముందు వేటగాళ్ళ శిక్షణ పాసు కావాలి. పాఠాలు ఉంటాయి, ఆపైన తుపాకీ పట్టే తీరు మీద పరీక్ష ఉంటుంది. సొంతంగా తుపాకీ కొనాలంటే రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు వేరే కావాలి. అన్నిటికన్నా ముందు వలస వ్యవహారాలు చూసే లాయరు సలహా తీసుకోమనండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ వీసా నిషేధం వర్తించదు.

ఇంకొక్క మాట. అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకరు 2024లో సొంత తుపాకీ పేలి చనిపోయాడు. తుపాకీ కొనడం ఒక్కరోజు పని, దాన్ని ఎట్లా ఉంచుకోవాలో నేర్చుకోవడానికి కాలం పడుతుంది. శిక్షణ లేకుండా ఇంట్లో తుపాకీ ఉండకూడదని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: అమెరికాలో దుప్పుల వేటకు షాట్‌గన్‌లో 'స్లగ్' వేస్తారని చదివాను. షాట్‌గన్ అంటే రవ్వలు చల్లే తుపాకీ కదా? అందులో ఒకే గుండు ఎట్లా పనిచేస్తుంది? దగ్గరి దూరానికే ఎందుకు వాడతారు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, జగిత్యాల

జవాబు: మన పల్లెల్లో 12 బోర్ అని పిలిచే తుపాకీ షాట్‌గనే. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు పట్టే నాళి కాబట్టి ఆ పేరు వచ్చింది. నాళి లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. మామూలు తూటాలో పిట్టలకైతే సన్న రవ్వలు, పెద్ద జంతువులకైతే పెద్ద రవ్వలు పోస్తారు. స్లగ్ తూటాలో రవ్వలకు బదులు ఒకే సీసపు ముద్ద ఉంటుంది. అందులో సాధారణంగా దొరికే రకం బరువు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. వేట రైఫిల్ గుండ్లు చాలావరకు దీంట్లో సగం బరువు కూడా ఉండవు.

రైఫిల్ నాళి లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పడం వల్ల అది తలకిందులు కాకుండా సూటిగా పోతుంది. షాట్‌గన్ నాళి నున్నగా ఉంటుంది, గుండు తిరగదు. ఈ చిక్కును 1898లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ బ్రెనెక్ ఒక రకంగా, 1931లో అమెరికాకు చెందిన కార్ల్ ఫోస్టర్ ఇంకో రకంగా విప్పారు. ఇద్దరి ఉపాయమూ ఒకటే: బరువంతా ముందు భాగంలో ఉంచడం. బ్రెనెక్ గుండు వెనక తేలికైన దిమ్మె బిగించి ఉంటుంది. ఫోస్టర్ గుండుకు వెనక భాగం బోలుగా ఉంటుంది. షటిల్ కాక్‌ను ఎట్లా కొట్టినా దాని మూతి ముందుకు తిరిగినట్టు ఈ గుండు కూడా మూతి ముందుకు పెట్టుకునే పోతుంది. దాని ఒంటిమీద కనిపించే ఏటవాలు గాళ్ళు గుండును తిప్పడానికేనని చాలామంది అనుకుంటారు. నాళి మూతి ఇరుకైన చోట సీసం నలిగి సర్దుకోవడానికి అవి పనికొస్తాయి.

షాట్‌గన్‌తో గుండు పేల్చే ఆలోచన ఇంకా పాతది. 1885లో జార్జ్ ఫోస్బరీ అనే సైనికాధికారి నాళి చివరి కొన్ని అంగుళాల్లో మాత్రమే గాళ్ళు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ ఆ పద్ధతిలో 'పారడాక్స్' అనే తుపాకీని తెచ్చింది. ఒకే తుపాకీతో రవ్వలు, గుండు రెండూ పేల్చవచ్చు కాబట్టి భారతదేశపు అడవుల్లో తిరిగిన ఆనాటి షికారీలు దాన్ని ఇష్టపడ్డారు.

దూరం సంగతికొస్తే, స్లగ్ నాళి దాటేటప్పుడు వేగం సెకనుకు 1,500 నుంచి 1,600 అడుగులు ఉంటుంది. మూతి మొద్దుగా ఉండటం వల్ల గాలి దాన్ని త్వరగా ఆపుతుంది. 50 గజాలకు సరిపెట్టుకున్న తుపాకీ 100 గజాల దగ్గర సుమారు అర అడుగు కిందికి కొడుతుంది. అందుకే నున్నని నాళికి 50 గజాలు, మంచి గురి ఏర్పాటు ఉంటే 75 గజాలు హద్దు అనుకోవాలి. ఇప్పుడు గాళ్ళున్న షాట్‌గన్ నాళులు, ప్లాస్టిక్ తొడుగులో వచ్చే సేబో గుండ్లు వచ్చాయి. వాటితో ఆ హద్దు 100 గజాలు దాటింది. అయితే సేబో గుండును నున్నని నాళిలో వేస్తే గురి ఉండదు.

ప్రశ్న: మాది జగిత్యాల పక్కన పల్లె. ఇల్లినాయ్‌లో స్థిరపడ్డాం, గ్రీన్‌కార్డు ఉంది. వేట శిక్షణ పూర్తిచేశాను, లైసెన్సు తీసుకున్నాను. ఈ ఏడు షాట్‌గన్ సీజన్‌లో మొదటిసారి వెళ్తున్నాను. జంతువును బాధపెట్టకుండా పని ఎట్లా పూర్తిచేయాలి?
– ఒక పాఠకుడు, ఇల్లినాయ్

జవాబు: మీ ప్రశ్నలోని ఆఖరి మాట నాకు నచ్చింది. ఆ స్పృహ ఉన్నవాళ్ళకే ఈ జవాబు.

మొదట నిబంధనలు. ఇల్లినాయ్‌లో దుప్పికి షాట్‌గన్ వాడితే అందులో స్లగ్ మాత్రమే వేయాలి. రవ్వల తూటాలకు అనుమతి లేదు. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. ముదురు నారింజ లేదా గులాబీ రంగు టోపీ, 400 చదరపు అంగుళాల పై వస్త్రం వేసుకోవాలి. రాష్ట్ర పోలీసులిచ్చే తుపాకీ యజమాని కార్డు మీ దగ్గర ఉండాలి.

సీజన్‌కు ముందే రేంజ్‌కు వెళ్ళి మీ తుపాకీకి ఏ రకం గుండు నప్పుతుందో చూడండి. ఒకే కంపెనీ గుండు ఒక నాళిలో అరచేతి వెడల్పులో పడుతుంది, ఇంకో నాళిలో చెదిరిపోతుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా ఎనిమిది పది అంగుళాలకు మించదు. మీ గుండ్లన్నీ వరసగా ఆరంగుళాల పళ్ళెంలో పడే దూరం ఎంతో కొలుచుకోండి. అదే మీ హద్దు. అది 40 గజాలైతే 40 గజాలే. ఎదురుగా ఎంత పెద్ద కొమ్ముల దుప్పి వచ్చినా 41వ గజం మీది కాదు. స్లగ్ భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ భయంతో ట్రిగ్గర్ లాగేముందే కళ్ళు మూసుకోవడం అలవాటైతే గురి తప్పుతుంది. చెవులకు రక్షణ పెట్టుకుని, ముందు తేలికపాటి తూటాలతో చేయి కుదుర్చుకోండి.

అడవిలో దుప్పి మీకు పూర్తిగా అడ్డంగా నిలబడేదాకా ఆగండి. ముందు కాలు వెనక అంచును ఆనుకుని, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టాలి. ఎదురుగా వస్తున్న దుప్పిని, పరుగెత్తే దుప్పిని, పొదల మధ్య సగమే కనబడే దుప్పిని వదిలేయండి. పొదల్లోంచి కూడా స్లగ్ సూటిగా పోతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. కొమ్మ తగిలితే ఏ గుండైనా పక్కకు మళ్ళుతుంది.

పేల్చాక వెంటనే వెంటపడవద్దు. దుప్పి నిలబడిన చోటును, మాయమైన చోటును కళ్ళతో గుర్తుపెట్టుకుని కనీసం అరగంట కూర్చోండి. తర్వాత నెమ్మదిగా వెళ్ళి రాలిన ఆకుల మీద నెత్తురు చూడండి. లేత ఎరుపులో నురుగుతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, దగ్గర్లోనే పడి ఉంటుంది. చిక్కగా, నల్లటి ఎరుపులో ఉంటే కాలేయం. పచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పేగులు. అప్పుడు కొన్ని గంటలు ఆగి వెతకాలి. తొందరపడి తరిమితే గాయంతో మైళ్ళ దూరం పోయి ఎవరికీ దక్కకుండా చస్తుంది. ఒక్కో ఆకు దగ్గర గుర్తు పెట్టుకుంటూ ఆఖరిదాకా వెతకడం వేటగాడి ధర్మం.

మాంసం కోసేటప్పుడు గుండు దూరిన దారి చుట్టూ నాలుగు వేళ్ళ మేర తీసేయండి, సీసపు తునకలు అక్కడ ఉంటాయి. చెట్టు మీది మంచె ఎక్కేటప్పుడు బెల్టు కట్టుకుని, ఖాళీ తుపాకీని తాడుతో పైకి లాక్కోండి. మంచెల మీంచి పడి నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

ప్రశ్న: మాది సిరిసిల్ల. ఇప్పుడు బోస్టన్ దగ్గర ఉంటున్నాం. మా ఇంటి వెనక అడవి దారిలో పిల్లలతో నడుస్తుంటాం. డిసెంబరులో అక్కడ వేట ఉంటుందట. "షాట్‌గనే కదా, గుండు దూరం పోదు, భయం లేదు" అని పక్కింటాయన అన్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, మసాచుసెట్స్

జవాబు: సగం నిజం. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు దుప్పులకు పెద్ద రైఫిళ్ళు వద్దని, షాట్‌గన్ వాడమని నిబంధన పెట్టడానికి కారణం మీ పక్కింటాయన చెప్పినదే. పైకి ఎత్తి పేల్చినప్పుడు రైఫిల్ గుండు మైళ్ళు పోతుంది, స్లగ్ అంత దూరం పోదు.

కానీ పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ కోసం 2007లో చేసిన అధ్యయనం రెండో సగాన్ని బయటపెట్టింది. నేలకు సమాంతరంగా పేల్చినప్పుడు సన్నటి రైఫిల్ గుండు నేలను తాకగానే చాలావరకు శక్తి కోల్పోతుంది. బరువైన స్లగ్ నేలకు తగిలి ఎగిరి, మళ్ళీ ముందుకు పోగలదు. ఆ పరిస్థితిలో షాట్‌గన్ వల్లనే ప్రమాదం ఎక్కువ కావచ్చని తేలింది. వేటగాడు చాలాసార్లు పేల్చేది నేలకు సమాంతరంగానే. షాట్‌గన్ కాబట్టి భయం లేదని ధీమాగా ఉండకూడదు. వెనక మట్టి గట్టు ఉన్నప్పుడే పేల్చాలనీ, ఎత్తు మీంచి కిందికి కాల్చడం మేలనీ శిక్షణలో నూరిపోసేది ఇందుకే.

మీ రాష్ట్రంలో షాట్‌గన్ సీజన్ నవంబరు చివర్లోనో, డిసెంబరు మొదట్లోనో మొదలై డిసెంబరులో సాగుతుంది. ఇంటికి 500 అడుగుల లోపల అనుమతి లేకుండా తుపాకీ పేల్చకూడదు. వేటగాళ్ళు 500 చదరపు అంగుళాల నారింజ రంగు వేసుకోవాలి. ఆ రోజుల్లో మీరూ, పిల్లలూ నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకోండి. తెల్ల టోపీలు, తెల్ల చేతి తొడుగులు వద్దు. అక్కడి దుప్పి పరుగెత్తేటప్పుడు తోక ఎత్తి తెల్లగా చూపిస్తుంది. తెల్లవారుజామున, పొద్దు గూకే వేళ ఆ దారి మానేయండి, దుప్పులు కదిలేది, వేటగాళ్ళు కాచుకునేది ఆ రెండు వేళల్లోనే.

ప్రశ్న: పంట కాపలాకని మా నాయిన పేరు మీద లైసెన్సు తుపాకీ ఉన్నది. దుప్పులు, పందులు మక్క చేనును ఆగం చేస్తున్నయి. రవ్వలు గాక ఒక్క గుండు వేసి కొడితే తప్పా? అడవిపందిని చంపితే కేసు లేదని కొందరంటున్నరు.
– ఒక రైతు, రాయికల్

జవాబు: మీ కష్టం చిన్నది కాదు. గోదావరి అవతల 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది, ఇవతల మీ చేలు. కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక్క రాత్రిలో ఎకరాలు నేలమట్టమవుతాయి. అయినా తుపాకీ ఎత్తవద్దనే చెబుతాను.

పంట కాపుకు ఇచ్చిన లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి అనుమతి. జంతువును చంపడానికి అనుమతి పూర్తిగా వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. పదకొండో సెక్షన్ కింద పంటకు, ఆస్తికి ప్రమాదమైన కొన్ని జంతువులను చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వవచ్చు. అది కారణాలు రాసి, ఫలానా ప్రాంతమని చూపిస్తూ ఇచ్చే రాతపూర్వక ఉత్తర్వు. ఊళ్ళో నలుగురు అనుకునే మాట ఉత్తర్వు కాదు. అడవిపంది విషయంలోనూ అంతే. ప్రాణాపాయం వచ్చినప్పుడు తనను గానీ, ఇంకొకరిని గానీ కాపాడుకోవడానికి చంపితే నేరం కాదని అదే సెక్షన్ చెబుతుంది. చేనులో మేస్తున్న దుప్పికి ఆ మినహాయింపు రాదు.

శిక్షలు 2022 సవరణతో పెరిగాయి. మామూలు నేరానికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. వాడిన తుపాకీ, బండి ప్రభుత్వపరం అవుతాయి. మీ నాయిన లైసెన్సు కూడా పోతుంది.

చట్టం పక్కన పెట్టి చేను సంగతి చూడండి. మక్క మనిషి కన్నా ఎత్తు పెరుగుతుంది. రాత్రిపూట కదలిక మాత్రమే కనబడుతుంది. పక్క చేనులో మంచె మీద ఎవరో పడుకుని ఉంటారు, ఇంకొకరు మోటరు వేయడానికి గట్టు మీద వస్తుంటారు. 28 గ్రాముల సీసపు గుండును మక్క కట్టె ఆపదు. పందికి తగిలినా దాన్ని దాటిపోగలదు. ఆ చీకట్లో గుండు ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

నష్టం జరిగిన రోజే ఫోటోలు తీసి అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఒక్కరే కాకుండా నష్టపోయిన రైతులంతా కలిసి రాస్తే అధికారి చేను దాకా వస్తాడు. పందుల మంద మరీ ఎక్కువైతే పదకొండో సెక్షన్ కింద చర్య కోరడానికి కూడా ఆ దరఖాస్తులే ఆధారం.

ప్రశ్న: మా దిక్కు చేను చుట్టూ కరెంటు తీగ పెట్టుడు అలవాటు. తుపాకీ కన్నా అదే నయం, చప్పుడు ఉండదు. అది కూడా తప్పంటే మేం పంట ఎట్ల కాపాడుకోవాలె?
– ఒక రైతు, కోనరావుపేట

జవాబు: తుపాకీ పట్టినవాడికి కనీసం ఎదురుగా ఏముందో చూసే అవకాశం ఉంటుంది. తీగకు కళ్ళు లేవు. పందికి పెట్టిన తీగ ఎద్దును, పక్క రైతును, చివరికి పెట్టిన మనిషినే చంపుతుంది. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో వేటగాళ్ళు పెట్టిన తీగ తగిలి గ్రేహౌండ్స్ పోలీసు దళం కానిస్టేబుల్ ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. లైను నుంచి కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం 2003 విద్యుత్ చట్టం కింద దొంగతనం. మనిషి చస్తే ప్రాణం తీసిన కేసు. తీగ ఇప్పటికీ ఉంటే ఈ రోజే తీసేయండి.

దానికి బదులు చేయగలిగినవి ఉన్నాయి. మీ సిరిసిల్ల మరమగ్గాల సీమలో పాత చీరలకు కొదవ లేదు. చేను చుట్టూ రంగు చీరలు కట్టడం పూర్తి రక్షణ కాకపోయినా తక్కువ ఖర్చుతో పనికొస్తుంది. పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. అందుకే వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దాని ముక్కు మీద పనిచేసే పద్ధతులు సూచిస్తున్నారు. మక్క చుట్టూ ఒత్తుగా ఆముదం వరసలు వేస్తే పంట వాసన అందదు. పల్లి చుట్టూ కుసుమ వేస్తే ముళ్ళు అడ్డం పడతాయి. గంధకం, పంది కొవ్వు కలిపిన నూనెలో నానబెట్టిన కొబ్బరి తాడు చుట్టూ కట్టవచ్చు, వాన పడ్డాక మళ్ళీ పూయాలి. పులి, ఇతర జంతువుల అరుపులు వినిపించే యంత్రాన్ని కూడా ఆ విశ్వవిద్యాలయమే తయారుచేసింది. ఒకే పద్ధతికి పందులు కొన్నాళ్ళలో అలవాటు పడతాయి, మారుస్తూ ఉండాలి. జగిత్యాల పక్కన పొలాసలోని పరిశోధనా స్థానంలో అడిగితే మీ నేలకు, పంటకు ఏది సరిపోతుందో చెబుతారు.

సోలార్ కంచె వేరు, కరెంటు తీగ వేరు. సోలార్ యంత్రం సెకనుకోసారి అతి స్వల్పకాలపు దెబ్బ ఇస్తుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. కంపెనీ యంత్రమే కొనండి. ఇంటి కరెంటును ఆ తీగలకు కలిపితే అది కూడా ఉరితాడే.

ప్రశ్న: తెలిసినాయన అప్పుడప్పుడు దుప్పి మాంసం తెచ్చి ఇస్తడు. మేం వేటాడలేదు, కొన్నం, వండుకున్నం. మాకేం సంబంధం?
– ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: సంబంధం ఉంది. అడవి జంతువు మాంసం కొనడం, దగ్గర పెట్టుకోవడం కూడా చట్టం ముందు నేరమే. పైగా మాంసం మీ దగ్గర దొరికితే అది అక్రమంగా వచ్చింది కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీ మీదే పడుతుంది. యాభై ఏడో సెక్షన్ చెప్పేది అదే. వండాక ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది. అటవీ శాఖ పంపే మాంసపు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి అది మేకదా, దుప్పిదా తేల్చడం అక్కడి శాస్త్రవేత్తల పని.

ఆరోగ్యం సంగతి మీ ఊళ్ళోని పశువైద్య కళాశాలలో ఎవరిని అడిగినా చెబుతారు. కసాయి దగ్గర కోసిన మేకను పరీక్షించే అవకాశం ఉంటుంది. ఉచ్చులో పడి ఎన్ని గంటలు కొట్టుకుని చచ్చిందో తెలియని జంతువును పరీక్షించేవాళ్ళు ఎవరూ లేరు.

తెలంగాణ రాష్ట్ర జంతువు జింక. దుప్పి కూర మన ఇళ్ళల్లో ఉడుకుతున్నంత కాలం ఉచ్చులు పెట్టేవాళ్ళు పెడుతూనే ఉంటారు. ఈసారి ఆయన వస్తే వద్దని గట్టిగా చెప్పండి. అటవీ కార్యాలయానికి సమాచారం ఇస్తే ఇంకా మేలు.

ప్రశ్న: మా తాత చనిపోయి చాలా కాలమైంది. ఇల్లు సర్దుతుంటే అటక మీద డబుల్ బారెల్ తుపాకీ, కొన్ని తూటాలు దొరికాయి. లైసెన్సు గడువు తీరింది. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, జగిత్యాల

జవాబు: మొదట పిల్లల్ని దూరంగా పంపండి. తూటా నిండి ఉందనే అనుకుని, నాళి ఎవరి వైపూ తిరగకుండా ఉన్న చోటే ఉంచండి. సరదాకు కూడా పేల్చి చూడవద్దు. పాత తుపాకులు చాలావాటి తూటా గది 65 మిల్లీమీటర్లే ఉంటుంది, ఇప్పటి తూటాలు 70 మిల్లీమీటర్లవి. తుప్పు పట్టిన పాత నాళిలో కొత్త మందు పేలితే, అందులోనూ మూతి ఇరుకైన నాళిలో ఒక్క గుండు పెడితే, నాళి పగిలి పట్టుకున్న చేయి పోతుంది.

మీ ప్రాంతంలో ఇట్లాంటి తుపాకులు అటకలెక్కడానికి ఒక చరిత్ర ఉంది. 1978 సెప్టెంబరులో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఇంట్లో తుపాకీ ఉన్నవాళ్ళకు అటు నక్సలైట్ దళాలతో, ఇటు పోలీసులతో గుండె దడే. ఆ భయం ఇప్పుడు మీరు పెట్టుకోనక్కర లేదు.

ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేని తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ జమ చేయాలి. ముందు స్టేషన్‌కు ఫోను చేసి, తుపాకీ ఎట్లా తేవాలో అడగండి. మీ తాతగారి మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం తీసుకెళ్ళి, జమ చేసినట్టు రసీదు తప్పక తీసుకోండి. 2016 ఆయుధ నియమాల్లో వారసుల పేరు మీద లైసెన్సు అడిగే వీలుంది. వద్దనుకుంటే అప్పగించేయవచ్చు. తెలిసీ దాచిపెడితే మాత్రం లైసెన్సు లేని ఆయుధం కింద రెండేళ్ళకు తగ్గని జైలు శిక్ష ఉంది.

ప్రశ్న: నాకు తుపాకీ పేల్చడమంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. ఎయిర్‌గన్ కొనుక్కుని పిట్టలు, కుందేళ్ళు కొడితే లైసెన్సు అవసరం లేదని దోస్తులు చెబుతున్నారు. షాట్‌గన్ నేర్చుకునే దారి మన దగ్గర లేదా?
– డిగ్రీ విద్యార్థి, సిరిసిల్ల

జవాబు: చిన్నపాటి ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేకపోవచ్చు. దాంతో కుందేలును కొడితే మాత్రం వేటే. చట్టం చూసేది జంతువు ప్రాణాన్ని, చేతిలో ఉన్నది ఎయిర్‌గనా, ఉచ్చా, ఉండేలా అని కాదు.

నేర్చుకునే దారి ఉంది, మంచి దారి. హైదరాబాద్ గచ్చిబౌలి వైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ ఉంది. షాట్‌గన్ ఆటలో 110 మిల్లీమీటర్ల మట్టి బిళ్ళ గాల్లోకి దూసుకుపోతుంది, దాన్ని 24 గ్రాముల సన్న రవ్వలతో పగలగొట్టాలి. ట్రాప్, స్కీట్ అని రెండు ఒలింపిక్ పోటీలున్నాయి. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, ఒంటరిగా కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి రష్మీ రాథోడ్ స్కీట్‌లో దేశం తరఫున ఆడింది.

రాష్ట్ర రైఫిల్ సంఘంలో సభ్యత్వం గురించి విచారించండి. ఖర్చు ఎక్కువ అనిపిస్తే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. గురి, ఊపిరి, ట్రిగ్గర్ మీద పట్టు అన్నీ అక్కడే వస్తాయి. మొదటి రోజు కోచ్ మీకు గురి నేర్పరు. నాళి ఎప్పుడూ సురక్షితమైన వైపే ఉండాలని, పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలని, బిళ్ళ వెనక మైదానం ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలని నేర్పుతారు. ఆ మూడూ ఒంటికి పట్టినవాళ్ళకే ఏ తుపాకీ అయినా పట్టే అర్హత వస్తుంది. వచ్చే సెలవుల్లో ఒకసారి రేంజ్‌కు వెళ్ళి చూసి రండి, ఎయిర్‌గన్ కొనే ఆలోచన ఆ తర్వాత చేయవచ్చు.